మార్కులు పెరిగాయి సరే, పడక పుండ్లు తగ్గాయా?

నర్సింగ్ బోధనలోకి వచ్చినవాళ్లలో చాలామంది తొలి పరిశోధన ఒకే మూసలో సాగుతుంది. నర్సులకు ప్రశ్నపత్రం ఇస్తారు, పడక పుండ్ల నివారణ మీద గంటసేపు పాఠం చెబుతారు, వారం తర్వాత అదే పత్రం మళ్లీ ఇస్తారు. మార్కులు పెరుగుతాయి. పెరగక ఏం చేస్తాయి? ప్రశ్నలు ముందే చూశారు, జవాబులు పాఠంలో విన్నారు, పోల్చి చూడటానికి పాఠం వినని గుంపు లేదు. ఆ మేలు మంచం మీదున్న రోగి నడుము దాకా చేరిందో లేదో థీసిస్ చెప్పదు. పరిశోధనలో నిలబడాలనుకునే ట్యూటర్ రోగి చర్మాన్నే కొలవడం నేర్చుకోవాలి.

అది తేలికేమీ కాదు. పడక పుండు మొదటి దశలో చర్మం చిట్లదు. ఎముక పొడుచుకొచ్చిన చోట ఎరుపు ఉంటుంది, వేలితో నొక్కినా తెల్లబడదు. నల్లటి చర్మం మీద ఆ ఎరుపు కంటికి ఆనదు కాబట్టి పక్క చర్మంతో పోల్చి వేడి, గట్టిదనం, నొప్పి చూడాలి. మూత్రం తడికి ఒరిసిపోయిన చర్మాన్ని రెండో దశ (చర్మం పైపొర ఊడిన) పుండుగా రాసేయడం తరచూ జరిగే పొరపాటు. తడి ఒరుపు సాధారణంగా ముడతల్లో, అంచులు తేలకుండా పరుచుకుని ఉంటుంది.

అందుకే డేటా మొదలుపెట్టేముందు ఇద్దరు పరిశీలకులు అదే రోగుల్ని విడివిడిగా చూసి రాయాలి. 100 మందిలో 90 మంది విషయంలో ఇద్దరి మాట కలిసిందంటే గొప్పగానే అనిపిస్తుంది. కానీ ఇద్దరూ ‘పుండు ఉంది’ అన్నది 2, ఇద్దరూ ‘లేదు’ అన్నది 88, మొదటివారు మాత్రమే ‘ఉంది’ అన్నవి 5, రెండోవారు మాత్రమే అన్నవి 5 అనుకోండి. కప్పా (యాదృచ్ఛికంగా కలిసే వాటా తీసేశాక ఇద్దరి మాట ఎంత కలిసిందో చెప్పే కొలత, పూర్తిగా కలిస్తే 1) లెక్క కడితే 0.23 వస్తుంది. పుండ్లు అరుదు కనుక, ఊరికే ‘లేదు’ అని రాసుకుంటూ పోయినా మాటలు చాలావరకు కలుస్తాయి. ఉత్త శాతం చూపించి సరిపెట్టకండి. కప్పా తక్కువొస్తే, తేడా పడ్డ ఆ 10 మందిని ఇద్దరూ కలిసి మళ్లీ చూడాలి. శిక్షణ అసలు జరిగేది అక్కడే.

శాంపిల్ దగ్గర ఇంకో తప్పు. రెండు గుంపుల సగటుల మధ్య తేడా 0.5 ప్రామాణిక విచలనం (విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత), పవర్ (నిజంగా ఉన్న తేడాను పట్టుకునే అవకాశం) 80 శాతం, ప్రాముఖ్యత స్థాయి (లేని తేడాను ఉందనుకునే అవకాశం) 5 శాతం అనుకుంటే గుంపుకు 64 మంది కావాలి. 10 శాతం మంది మధ్యలో తప్పుకుంటారనుకుంటే 64ను 0.9తో భాగించాలి, 72 వస్తుంది. 64కు 10 శాతం కలిపితే చాలదు. పైగా, శిక్షణ వార్డు మొత్తానికి ఇస్తే ఒకే వార్డు రోగులు ఒకరినొకరు పోలి ఉంటారు. వార్డుకు 20 మంది, వార్డులోపలి సహసంబంధం (ఆ పోలిక ఎంతో చెప్పే అంకె) 0.05 అయితే శాంపిల్‌ను 1.95 రెట్లు చేయాలి. 64 కాస్తా 125 అవుతుంది. ఈ లెక్క ప్రపోజల్‌లోనే లేకపోతే తర్వాత సరిదిద్దే దారి ఉండదు.

పుండ్లు రాకుండా రోగిని పక్కకు తిప్పిన సమయాల కోసం చార్టును నమ్ముకోవద్దు. డ్యూటీ ముగిసేటప్పుడు గడులన్నీ ఒకేసారి నింపడం పని ఒత్తిడి ఉన్న చోట మామూలే. ముందుగా చెప్పని వేళల్లో వెళ్లి, రోగి ఏ పక్కకు ఉన్నారో చూసి రాసుకోండి. రాత్రి డ్యూటీ కూడా అందులో ఉండాలి.