రౌండ్ అంటే గుండ్రం కాదు

నర్సులకీ డాక్టర్లకీ పెట్టే ఇంగ్లిష్ పరీక్ష ఓఈటీ గట్టెక్కి ఇంగ్లండ్‌లో నర్సుగా చేరినప్పుడు జబ్బుల పేర్లకీ మందుల పేర్లకీ భయపడలేదు. నన్ను తిప్పలు పెట్టింది ఒకటో తరగతిలో బొమ్మ చూసి నేర్చుకున్న మాట, రౌండ్.

రెండో రోజు పొద్దున సిస్టర్ పిలిచి, కిటికీ పక్క పెద్దాయన 'రౌండ్ ఆఫ్ టోస్ట్' అడుగుతున్నాడంది. డాక్టర్ల వార్డ్ రౌండ్ తెలుసు, మందుల బండి తోసుకెళ్లే డ్రగ్ రౌండ్ తెలుసు. ఇదీ అలాంటిదే కాబోలనుకుని ఎనిమిది ముక్కలు కాల్చి, ట్రే పట్టుకుని తలుపు దగ్గరి బెడ్ నుంచి పంచడం మొదలెట్టాను. మూడో బెడ్ మీద 'నిల్ బై మౌత్', అంటే నోటికి ఏమీ ఇవ్వకూడదన్న బోర్డు కళ్లబడింది కాబట్టి బతికిపోయాను. తీరా చూస్తే రౌండ్ ఆఫ్ టోస్ట్ అంటే ఒక్క బ్రెడ్ ముక్క. అదీ నలుపలకల ముక్క! శాండ్‌విచ్ అయితే రెండు ముక్కలు కలిపి ఒక రౌండట.

ఆ వారమే ఆపరేషన్ అయిన ఒకాయన కూతురు ఫోన్ చేసింది. "హ్యాజ్ డాడ్ కమ్ రౌండ్?" "లేదండీ, ఎక్కడికీ రాలేదు, బెడ్ మీదే ఉన్నారు" అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. మత్తు వదిలి తెలివొచ్చిందా అని ఆమె అడిగింది. ఇంటికి రమ్మనడానికీ అదే మాట, మొండిపట్టు వదిలి దారికొచ్చాడనడానికీ అదే మాట. తెలియని మాటైతే అడిగి తెలుసుకుంటాం. తెలుసనుకున్నదాన్ని ఎవరడుగుతారు?

పబ్బులో మాత్రం నవ్వుతో పోలేదు. మన దగ్గర రెండో రౌండ్, మూడో రౌండ్ అంటే ఎంత తాగారో లెక్క. అక్కడ ఎవరి వంతో లెక్క. 'మై రౌండ్' అంటూ ఒకరు లేచి అందరికీ కొంటారు, తర్వాత ఇంకొకరు లేస్తారు. నేను తాగింది ఆరెంజ్ జ్యూసే కదాని దాని డబ్బు లెక్కగా తీసి, కొన్నావిడ చేతిలో పెట్టబోయాను. ఆవిడ మొహం మాడిపోయింది. దారిలో మలయాళీ సీనియర్ చెప్పింది: "జ్యూసే తాగు, నీ వంతొస్తే మాత్రం ఐదుగురికీ కొను. కొననివాళ్లని వీళ్లు ఏళ్లతరబడి గుర్తుపెట్టుకుంటారు." మన చదివింపుల పద్దు గుర్తొచ్చింది.

ఇక రౌండెబౌట్. మనం సర్కిల్ అంటాం, బెంజి సర్కిల్‌లాగా. అక్కడ కుడివైపు నుంచి వచ్చే బండికి దారివ్వాలి, 1966 నుంచీ అదే రూలు. విజయవాడలో బండి నడిపిన చేతికి ఆగడమే రాదు. మొదటిసారి డ్రైవింగ్ టెస్ట్ పోయింది అందుకే. స్విండన్ అనే ఊళ్లో అయితే ఐదు చిన్న రౌండెబౌట్లు కలిపి ఒక పెద్దది కట్టారు 1972లో. మా ఆయన అటు వెళ్దామంటే నేను రైలెక్కుతాను.

2024 జూన్ 4. నైట్ డ్యూటీ చివర్లో బ్రేక్ రూమ్‌లో ఫోన్ చూస్తూ కూర్చున్నా. అక్కడ తెల్లారి ఎంతోసేపు కాలేదు, ఇంటి దగ్గర ఓట్ల లెక్కింపు జోరుమీదుంది. అమ్మ మెసేజ్ మీద మెసేజ్ పెడుతోంది. ఏంటంత హడావుడని పక్కావిడ అడిగింది.

"మా ఊళ్లో ఐదో రౌండ్ అయిపోయింది" అన్నాను.

ఆవిడ గోడ గడియారం వైపు చూసి, "ఇంత పొద్దున్నేనా?" అంది.