లండన్‌లో నీడకు గిరాకీ లేదు

బుషీ పార్కుకి మే నెలలో ఏ ఆదివారమైనా వెళ్లొచ్చు గానీ, పదకొండో తారీకుకి దగ్గరగా వచ్చే ఆదివారమే వెళ్లాలని మా అల్లుడి పట్టు. చెస్ట్‌నట్ చెట్ల పూత చూసే ఆ రోజుకి చెస్ట్‌నట్ సండే అని పేరు, ఊరేగింపు కూడా ఉంటుంది. హౌన్‌స్లోలో 111 నంబరు బస్సెక్కితే ఎక్కడా మారే పని లేదు, హాంప్టన్ కోర్ట్ కోట దగ్గర దించేస్తుంది. రోడ్డుకి ఒక వైపు కోట, రెండో వైపు పార్కు. పార్కులోకి టికెట్టూ గికెట్టూ ఏమీ లేవు.

గేటు దాటితే గుండ్రటి చెరువు, నడిమధ్యన బంగారు పూత పూసిన కంచు విగ్రహం. అక్కణ్ణుంచి రోడ్డు తాడు పట్టి గీసినట్టు టెడింగ్టన్ వైపు మైలు దూరం పోతుంది. రెండు పక్కలా హార్స్ చెస్ట్‌నట్ చెట్లు, వాటి వెనక నాలుగేసి వరసల్లో లిండెన్ చెట్లు.

సోషల్ పరీక్షలో ఏ రాజు గురించి అడిగినా ‘రోడ్లకిరువైపులా చెట్లు నాటించెను’ అని రాసి గట్టెక్కిన తరం మాది. ఇంగ్లండుని ఏలిన మూడో విలియం గురించి అదే రాస్తే నిజంగానే మార్కులు వేయాలి. 1699లో ఆయన కోసం ఈ బాటకు రూపం ఇచ్చింది సెయింట్ పాల్స్ కెథడ్రల్ కట్టిన క్రిస్టఫర్ రెన్. అయితే ఇక్కడ బాటసారి ఊసే లేదు. కోటకు ఉత్తరం వైపు కొత్తగా గొప్ప ముఖద్వారం కట్టాలి, రాజుగారి బండి ఈ చెట్ల మధ్య నుంచి తిన్నగా అక్కడికి చేరాలి, అదీ ఆలోచన. 1702లో రాజు గుర్రం మీంచి పడి, ఆ తర్వాత కొన్నాళ్లకే పోయాడు. ద్వారం కట్టనే లేదు. దారి మాత్రం మిగిలింది, చచ్చిన చెట్టు చోట కొత్తది పెట్టుకుంటూ ఇన్నాళ్లూ నిలబెట్టుకొచ్చారు.

పూత సంగతి చెప్పాలి. దూరానికి చెట్టు నిండా తెల్ల కొవ్వొత్తులు నిలబెట్టినట్టుంది. ఇక్కడివాళ్లూ వాటిని క్యాండిల్స్ అనే అంటారు. ఆకు చూస్తే బూరుగు గుర్తొచ్చింది, ఒకే కాడకు ఐదో ఏడో ఆకులు. ఒక కొమ్మ బాగా కిందికి వంగి ఉంటే కళ్లజోడు తీసి దగ్గరగా చూశాను. జానెడు పొడవు గుత్తి. రేకుల అంచులు ముడతలు ముడతలుగా ఉన్నాయి, కేసరాలు బయటికి వచ్చి పైకి వంగాయి. ఒకే గుత్తిలో కొన్ని పూలకు లోపల పసుపు మచ్చ ఉంది, కొన్నింటికి అదే మచ్చ ఎర్రగా ఉంది. రెండు రకాల పూలేమో అన్నారు మా ఆయన. కాదట. విచ్చిన కొత్తలో మచ్చ పసుపు, అప్పుడే తేనె ఉంటుంది. పరాగం అందాక, లేదా పువ్వు ముదిరాక, మచ్చ ఎర్రబడుతుంది. తేనెటీగలకు ఎరుపు సరిగా ఆనదు, అందుకని పసుపున్న పువ్వుల మీదికే పోతాయి. చూసేదాకా నమ్మని మనిషిని కాబట్టి అక్కడే నిలబడి చూశాను. ఒక లావుపాటి బంబుల్‌బీ గుత్తి పైనుంచి కిందికి దిగుతూ ఎర్రమచ్చల్ని దాదాపు పట్టించుకోలేదు. ఎర్రబడ్డ పూలు రాలకుండా ఎందుకున్నాయంటే, గుత్తి దూరానికి పెద్దగా కనబడడానికట. అల్లుడు ఈ ముక్క చెబుతుంటే మా అమ్మాయి ‘ఆఫీసులో కూడా ఇలాగే చెబితే బాగుండు’ అంది.

మధ్యాహ్నానికి ఎండ కాసింది. ఎండంటే పదహారు డిగ్రీలు. అంతే, జనం దుప్పట్లు, బుట్టలు పట్టుకుని చెట్ల కింది నుంచి బయటికి, పచ్చిక మధ్యలోకి వెళ్లిపోయారు. అంత చిక్కటి నీడ, ఒక్కో చెట్టు కిందా పెళ్లి పందిరంత జాగా, అంతా ఖాళీ! మేం మాత్రం అలవాటుకొద్దీ చెట్టు కిందే పులిహోర డబ్బా విప్పాం. పావుగంటలో చలి పుట్టింది. స్వెట్టర్లు వేసుకుని నీడలో కూర్చున్నది మేమూ, కొన్ని జింకలూ. ఆ జింకల పుణ్యమాని చెట్ల కింది అంచు ఎవరో కత్తిరించినట్టు ఒకే ఎత్తులో ఉంటుంది. వాటి మూతి అందినంత మేరా మేసేస్తాయి.

ఊరేగింపు బాగానే ఉంది. పాత కార్లు, ముందు చక్రం మనిషెత్తున్న సైకిళ్లు, మిలిటరీ జీపులు. 1838లో విక్టోరియా రాణి హాంప్టన్ కోర్ట్‌ను జనానికి తెరిచాక లండన్ వాళ్లు పూత చూడ్డానికి వచ్చేవాళ్లట. యుద్ధకాలంలో ఆగిన ఈ సరదాని 1977లో మళ్లీ మొదలుపెట్టారు. యుద్ధమంటే గుర్తొచ్చింది, 1944లో అమెరికన్ జనరల్ ఐసెన్‌హోవర్ ఫ్రాన్స్ తీరంలోని నార్మండీ మీద దాడికి ప్రధాన కార్యాలయం పెట్టింది ఈ పార్కులోనే.

నాకు ఊరేగింపు కన్నా నచ్చిన విషయం ఇంకోటుంది. హార్స్ చెస్ట్‌నట్‌ది మన కుంకుడు చెట్టు కుటుంబమే. గింజల్లో కుంకుడులో లాగే నురగనిచ్చే సాపోనిన్లుంటాయి. తింటే మనిషికి విషం, జింకలు మాత్రం శుభ్రంగా తింటాయి. సెప్టెంబరులో ముళ్ల కాయలు పగిలి గింజలు రాలితే పిల్లలు తాడు గుచ్చి, ఒకరి గింజను ఇంకొకరి గింజతో కొట్టి పగలగొట్టే ఆట ఆడతారు. 1917లో బడిపిల్లలతో ఇవే గింజలు టన్నుల కొద్దీ ఏరించి, తుపాకీ మందుకు కావాల్సిన అసిటోన్ తీయబోయారు. అది సరిగా సాగలేదు. అదే మన చేతికిస్తే నెత్తికి రాసుకుని ఊరుకునేవాళ్లం.

పుట్టుక చూస్తే ఈ చెట్టూ పరాయిదే. సొంతూరు ఆగ్నేయ ఐరోపాలోని బాల్కన్ ప్రాంతపు కొండలు. దాని వెనకే అదే ప్రాంతం నుంచి పురుగు కూడా వచ్చింది. 1980లలో ఒహ్రిడ్ సరస్సు దగ్గర మొదట కనబడ్డ చిన్న చిమ్మట 2002లో పక్కనే ఉన్న వింబుల్డన్‌లో తేలింది. దాని పిల్లపురుగులు ఆకు పొరల మధ్య సొరంగాలు తొలుస్తాయి. ఆగస్టు కల్లా ఆకులన్నీ ఇటుక రంగుకి మాడిపోతాయి. చెట్టు చావదు గానీ, వేసవిలోనే శిశిరం వచ్చినట్టుంటుందట. అందుకే చూసేవాళ్లు మేలోనే చూడాలి.

వెనక వరసల్లో ఉన్న లిండెన్‌లకు ఇంకా మొగ్గే కనబడలేదు. అవి జూన్ చివర్లో పూస్తాయి, వాసన రోడ్డు దాకా వస్తుందని అల్లుడు ఊరిస్తున్నాడు. మా తిరుగు ప్రయాణమేమో జూన్ పదిన. బస్సులో మా ఆయన ఫోన్ తీసి, టికెట్ తేదీ మారిస్తే ఎంత కోస్తారో చూస్తూ కూర్చున్నారు.