సెలైన్ బాటిల్‌లో ఏముంటది?

మంగళవారం. పొద్దటి నుంచి ముసురు. హన్మకొండ, కాజీపేట, వరంగల్, ఎటు చూసినా జ్వరాలూ విరేచనాలూ. వానకాలం నడుమ ఇది మామూలే. ఓపీలో ఈరోజు కూడా అందరి నోటా అదే మాట: "మేడం, పానం మొత్తం గుంజుతాంది. ఒక బాటిల్ ఎక్కియ్యరాదుండ్రి."

ఆ బాటిల్‌లో ఏముంటుందో లెక్క రాసి చూపించాలి అందరికీ. అర లీటరు నార్మల్ సెలైన్ అంటే నాలుగున్నర గ్రాముల ఉప్పు, మిగతాదంతా శుద్ధి చేసిన నీళ్లు. అదే గ్లూకోజు బాటిల్ అయితే 5 శాతం లెక్కన అర లీటరులో 25 గ్రాముల గ్లూకోజు, అంటే సుమారు 100 కేలరీలు. రెండు అరటిపళ్లలో అంతకన్నా ఎక్కువే ఉంటాయి. కొన్నిచోట్ల అందులో విటమిన్ సూది కలిపితే నీళ్లు పసుపుపచ్చగా మారతాయి, ఆ రంగు చూసి బలం అనుకుంటారు. మరి ఎక్కించాక హాయిగా ఎందుకుంటుంది? ఒంట్లో తగ్గిన నీళ్లు కొంత చేరాయి, గంటా రెండు గంటలు కదలకుండా పడుకున్నారు, జ్వరం మందు కూడా పడింది. అంతే. గుండె, కిడ్నీ జబ్బున్న ముసలివాళ్లకు అడిగిందే తడవుగా వరుసగా బాటిళ్లు పెడితే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం వస్తుంది. షుగర్ ఉన్నవాళ్లకు గ్లూకోజు బాటిల్ ఏం చేస్తుందో చెప్పక్కర్లేదు.

సెలైన్ నిజంగా అవసరమయ్యేవాళ్లున్నారు: స్పృహ సరిగా లేనివాళ్లు, తాగిందల్లా కక్కేస్తున్నవాళ్లు, కళ్లు లోతుకుపోయి నాడి అందనివాళ్లు, డెంగీలో బీపీ పడిపోతున్నవాళ్లు. మిగతావాళ్లకు నోరే దారి.

విరేచనాల్లోనూ పేగు నీటిని పీల్చుకోగలదు, కాకపోతే ఉప్పూ గ్లూకోజూ కలిసి రావాలి. రెండూ జోడీగా పేగు గోడ దాటుతాయి, వాటి వెంట నీళ్లు వెళతాయి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో, పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్‌లో, కలరా ప్రబలి సెలైన్ నిండుకున్నప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీళ్లు తాగించారు. ముప్పై శాతం దాకా ఉన్న మరణాలు నాలుగు శాతం లోపుకు దిగాయి. తాగే నీళ్లు సెలైన్ కంటే తక్కువరకం వైద్యం అనేవాళ్లకు ఈ ఒక్క సంగతి చెబితే చాలు.

ఇప్పుడు ప్యాకెట్లలో దొరికే ఓఆర్‌ఎస్ ఇలాంటి ఉప్పు-గ్లూకోజు పొడే. కానీ కొలత తప్పితే అది పనిచెయ్యదు. పెద్ద ప్యాకెట్, అంటే 20.5 గ్రాములది, మొత్తం ఒకేసారి ఒక లీటరు నీళ్లలో కలపాలి. చిన్నవి 200 మిల్లీలీటర్లకూ దొరుకుతాయి కాబట్టి ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లని రాసి ఉందో చదవాలి. లీటరు ప్యాకెట్‌ను గ్లాసులో కలిపి పసిపిల్లకు పడితే రక్తంలో ఉప్పు పెరిగి ఫిట్స్ రావచ్చు. నీళ్లు ముందే కాచి చల్లార్చుకోవాలి, కలిపాక కాచకూడదు. 24 గంటలు దాటితే పారబొయ్యాలి. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లకు టీ చెంచాతో, అంచు దాకా గీసి, ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. రుచికని ఇంకో చెంచా చక్కెర వెయ్యొద్దు, ఎక్కువైన తీపి ఒంట్లోని నీటినే పేగులోకి లాగి విరేచనాలు పెంచుతుంది. కూల్‌డ్రింకులూ, పండ్లరసం డబ్బాలూ వద్దనేది ఇందుకే. ఓఆర్‌ఎస్ అని పేరు పెట్టుకున్న తీపి పానీయాలు ఆ పేరు వాడొద్దని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది, సంతోషం.

రెండేళ్ల లోపు పిల్లలకు ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, ఆపై పదేళ్ల దాకా 100 నుంచి 200. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి చెంచాతో మెల్లగా. తల్లిపాలు, జావ, పెరుగన్నం ఆపొద్దు, లంకణం పెడితే పిల్ల ఇంకా నీరసిస్తుంది. ఆరు నెలలు దాటిన పిల్లలకు జింక్ 20 మిల్లీగ్రాములు, విరేచనాలు ఆగినా సరే 14 రోజులు.

మంచి సలహాను నేను పోల్చుకునేది ఇట్లాగే. ఎంత, ఎన్నిసార్లు, ఎప్పటిదాకా అని అడిగితే జవాబు ఉంటుంది. డెంగీకి తాగించే బొప్పాయి ఆకు రసం గురించి అడిగి చూడండి, ఒకరు రెండు చెంచాలంటారు, ఇంకొకరు గ్లాసంటారు. కొన్ని చిన్న పరిశోధనల్లో ప్లేట్‌లెట్ సంఖ్య కాస్త తొందరగా పెరిగినట్టు కనబడింది నిజమే. కానీ దానివల్ల ప్రాణాలు దక్కాయన్న రుజువు లేదు. డెంగీలో వారం తిరిగేసరికి చాలామందికి కణాలు వాటంతటవే పెరుగుతాయి, పేరు ఆకురసానికి వస్తుంది.

"కణాలు యాభై వేలకు పడ్డయట" అని ఇల్లంతా ఏడుస్తుంది. రక్తస్రావం లేకపోతే సాధారణంగా పదివేల లోపుకు పడితే తప్ప ప్లేట్‌లెట్లు ఎక్కించరు. అదే రిపోర్టులో పీసీవీ గడి, అంటే రక్తంలో ఎర్రకణాల శాతం, ఎవరూ చూడరు. అది పెరుగుతూ పోతే రక్తనాళాల నుంచి ప్లాస్మా, అంటే రక్తంలోని నీటిభాగం, కారుతోందని అర్థం, డెంగీలో చంపేది ఎక్కువగా ఆ కారడమే. అదీ జ్వరం దిగిన 24 నుంచి 48 గంటల్లో. "జరం తగ్గింది, ఇగ భయం లేదు" అనుకునే సమయం సరిగ్గా అదే. ఆగని కడుపునొప్పి, మాటిమాటికీ వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, విపరీతమైన మగత, ఆరు గంటలైనా మూత్రం రాకపోవడం, ఇందులో ఏ ఒక్కటి కనబడ్డా తెల్లవారేదాకా ఆగొద్దు.

జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే. పెద్దలకు ఒకసారికి 500 లేదా 650 మిల్లీగ్రాములు, ఆరు గంటల ఎడం. పిల్లలకు కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్, డైక్లోఫెనాక్ సూది వద్దేవద్దు, కణాలు తగ్గినవాళ్లకు సూది పడ్డ చోటే కండలో రక్తం గడ్డకడుతుంది.

సాయంత్రం గల్లీలో మోరీలో మందు కొట్టించాలని మాటలు. మోరీ శుభ్రత మంచిదే, కానీ డెంగీ దోమ పెరిగేది ఇంట్లోని మంచి నీళ్లలో: గోలెం, కూలర్, పూలకుండీ కింది పళ్లెం, డాబా మీది పాత టైరు. గుడ్డు దోమయ్యేందుకు ఎనిమిది పది రోజులు పడుతుంది కాబట్టి వారానికోసారి ఒంపాలి. ఒంపితే సరిపోదు, గుడ్లు గోడకు అంటుకుని నెలల తరబడి ఎండినా బతుకుతాయి. పీచుతో లోపలి గోడ, ముఖ్యంగా నీటిగీత దగ్గర, గట్టిగా రుద్ది కడిగి, ఎండనిచ్చి, మళ్లీ నింపి మూత పెట్టాలి.