మెలిక దగ్గర ఆగిపోయిన పిల్లాడు

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా. ఒడియా అక్షరాల్లో చాలావాటికి పైన గొడుగులాంటి వంపు ఉంటుంది, తేడా అంతా కింద ఉండే చిన్న మెలికలోనే, సరిగ్గా ఆ మెలిక దగ్గరే నేను ఆగిపోయేవాణ్ణి. ఇంటికొచ్చి తెలుగు వాచకం తీస్తే మ ఏదో య ఏదో తెలిసేది కాదు. బద్ధకం అన్నారు మాస్టారు. కళ్లద్దాలు వేయిద్దామన్నారు నాన్న. లోపం కళ్లలో లేదు, తెలివిలోనూ లేదు. నాది డిస్లెక్సియా, అంటే చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది. ఇందులో ముఖ్యమైన చిక్కు శబ్దాన్నీ అక్షరాన్నీ జతచేసే దగ్గర. ఈ మాట నాకు తెలిసేసరికి ఇరవై ఆరేళ్లొచ్చాయి, ఆ రాత్రి చాలాసేపు ఏడ్చాను.

మా మావయ్య కొమ్ము పని చేసేవారు. కొమ్మును వేడి చేసి, మెత్తబడగానే వంచాలి, చల్లారితే ఇక మాట వినదు. ఆయన చేతిలో ఉన్నది ఇంకా ఉత్త కొమ్మే, నాకు మాత్రం అందులో కొంగ మెడ ఎక్కడ తిరగాలో కనిపించేది, చెబితే ఆయన ఒక్క క్షణం నన్ను చూసి అక్కడే వంచేవారు. బళ్లో నన్నెవరూ అలా చూడలేదు. డిస్లెక్సియా ఉన్న అందరికీ ఇదే చూపు ఉంటుందని నేననను, నాకు ఉంది, ఇవాళ ఇళ్లకి మెట్లూ అలమరాలూ డిజైన్ చేసి బతుకుతున్నది దాంతోనే.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఈ సమస్యకీ చోటు దొరికింది, పరీక్షల్లో అదనపు సమయం అడగొచ్చు. దయచేసి అడగండి, పిల్లల్ని కొట్టకండి.

మా మేనకోడలిదీ ఇదే తంటా. పళ్లెంలో బియ్యప్పిండి పోసి, శబ్దం పలుకుతూ వేలితో రాయిస్తున్నాను. నిన్న మ దగ్గర ఆగి, య దగ్గర ఇంకాసేపు ఆగి, 'మావయ్య' అని రాసింది.