మార్చి మొదటి వారం

జనవరి 23, 2025, గురువారం.

ఉదయం రోజూలాగే కాఫీ కలుపుకొని, నా భార్యకు ఐరన్ మాత్ర అందించి పనికి కూర్చున్నాను గానీ, మనసంతా మా ఇంటికి అరగంట దూరంలో ఉన్న సియాటిల్ ఫెడరల్ కోర్టు మీదే ఉంది. ట్రంప్ పౌరసత్వ ఉత్తర్వుపై విచారణ ఈరోజు అక్కడే. సోమవారం ప్రమాణ స్వీకారం చేసిన రోజే ట్రంప్ సంతకం పెట్టిన ఉత్తర్వు ప్రకారం, 30 రోజుల తర్వాత ఇక్కడ పుట్టే బిడ్డకు, తల్లి పత్రాలు లేకుండా ఉన్నా, మాలాగా తాత్కాలిక వీసా మీద సక్రమంగానే ఉన్నా, తండ్రికి పౌరసత్వమో గ్రీన్ కార్డో లేకపోతే పౌరసత్వం రాదు. మా డాక్టరు చెప్పిన తేదీ మార్చి మొదటి వారంలో ఉంది.

మొన్న శనివారం సంక్రాంతి భోజనాల దగ్గర ఒక పెద్దాయన, "మనం వరుసలో నిలబడి వచ్చినవాళ్లం, ఇదంతా సరిహద్దు దాటి వచ్చినవాళ్ల గొడవ" అన్నారు. నేనూ తలూపాను. రెండు రోజులకే ఆ ఉత్తర్వులో రెండో అంశంగా మా పరిస్థితి అక్షరం పొల్లుపోకుండా కనిపించింది. అప్పటి నుంచి ఆ తలూపడమే నన్ను బాధిస్తోంది. ఆ మాట ఇంకొకరి బిడ్డ గురించి అన్నప్పుడు నాకు చీమ కుట్టినట్టయినా లేదు.

మధ్యాహ్నం పెరుగన్నం తింటూ వాంగ్ కిమ్ ఆర్క్ కేసు చదివాను. ఆయన 1873లో శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా దంపతులకు పుట్టారు, వంటపని చేసి బతికారు. చైనా వెళ్లి 1895లో తిరిగివస్తే, నువ్వు ఈ దేశస్థుడివి కాదంటూ అధికారులు ఆయనను నెలల తరబడి ఓడల్లోనే ఆపేశారు. బానిసత్వం నుంచి బయటపడిన నల్లజాతివారి కోసం 1868లో అమెరికా రాజ్యాంగానికి వచ్చిన 14వ సవరణ, అంటే ఇక్కడ పుట్టినవారు ఇక్కడి పౌరులేననే మాట, ఆయనకూ వర్తిస్తుందని 1898లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆయన తల్లిదండ్రులు ఇక్కడే స్థిరపడినవారు, మీరు తాత్కాలికులు అన్నది ఇప్పటి ఉత్తర్వును సమర్థించేవాళ్ల వాదన. నేను వచ్చి పదకొండేళ్లయింది, పన్ను కట్టని ఏడాది లేదు. నా గ్రీన్ కార్డు దరఖాస్తు 2019 నాటిది, ఉద్యోగం ద్వారా గ్రీన్ కార్డు ఇచ్చే ఈబీ-2 విభాగంలో భారతీయుల వరుస ఇంకా 2012 నాటి దరఖాస్తుల దగ్గరే ఉంది. మమ్మల్ని తాత్కాలికులుగా ఉంచుతున్నది ఆ వరుసే కదా.

నిజమే, పుట్టినంత మాత్రాన పౌరసత్వం ఇవ్వని దేశాలు చాలా ఉన్నాయి. మన దేశమూ 1987లో ఒకసారి, 2004లో మరోసారి ఆ నియమాన్ని బిగించింది. అయితే అక్కడ పార్లమెంటు చట్టాన్ని సవరించింది. ఇక్కడ మాత్రం రాజ్యాంగంలోని మాటను ఒక్క సంతకంతో మార్చబోయారు.

చివరికి సియాటిల్ కోర్టులో, రిపబ్లికన్ అధ్యక్షుడు రేగన్ కాలంలో నియమితులైన న్యాయమూర్తి, ఇది నిస్సిగ్గుగా రాజ్యాంగ విరుద్ధమంటూ ఉత్తర్వును 14 రోజుల పాటు నిలిపివేశారు. ఆ వార్త చెబితే నా భార్య ఏమీ అనలేదు, తెనాలి నుంచి అమ్మ పంపిన పాత నూలు చీర ముక్కలను మడతపెడుతూ కాసేపు అలాగే కూర్చుంది.

రాత్రి అమ్మ ఫోన్ చేసి, "బిడ్డ కాగితాల సంగతి ఏమైందిరా నాన్నా?" అని అడిగింది. ప్రస్తుతానికి ఆగింది అమ్మా, అన్నాను. ఫోన్ పెట్టేసి చూస్తే, వంటింటి క్యాలెండర్‌లో ఫిబ్రవరి 6 గడి చుట్టూ నా భార్య అప్పటికే పెన్సిల్‌తో సున్నా చుట్టి ఉంది.