పుస్తకం ఒక వరుస కాదు: నా పుస్తకాల డేటాబేస్, నాలుగో వారం

పుస్తకాల జాబితాను స్ప్రెడ్‌షీట్ నుంచి ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లోకి మార్చే పని ఇంకా నడుస్తూనే ఉంది. మొత్తం 412 వరుసలు. సగం కూడా ఎక్కలేదు. టేబుళ్లను మూడుసార్లు కూల్చి కట్టాను మరి.

మొదటిసారి ఐఎస్‌బీఎన్‌ను (పుస్తకం మీద అచ్చయ్యే గుర్తింపు సంఖ్య) ప్రైమరీ కీ చేశాను, అంటే ఒక్కో వరుసను విడిగా గుర్తుపట్టే విలువ. ఒక్క సాయంత్రం కూడా నిలవలేదు. అది అంతర్జాతీయ ప్రమాణం అయిందే 1970లో. అంతకు ముందరి పుస్తకాలు నా దగ్గర బోలెడు. 2007 దాకా 10 అంకెలు, ఆ తర్వాత 13. పైగా ఒకే ముద్రణవి రెండు ప్రతులుంటే రెండోదానికి చోటే లేదు. ఇప్పుడు కీ ఉత్త పూర్ణాంకం. ఐఎస్‌బీఎన్ ఖాళీగా ఉన్నా ఊరుకునే మామూలు కాలమ్.

అసలు చిక్కు వేరే. నేను ‘పుస్తకం’ అంటున్నది ఒక్కటి కాదు, మూడు. ‘చదివాను’ అన్న గుర్తు నవలది. పేజీల సంఖ్య ముద్రణది. చిరిగిన అట్ట నా చేతిలో ఉన్న ప్రతిది. మూడింటినీ ఒకే వరుసలో కుక్కితే, రెండో ముద్రణ కొన్న రోజున చదివిన నవల చదవనిదైపోతుంది. గ్రంథాలయాల వాళ్లు దీన్ని ఎప్పుడో తేల్చారు: 1998 నాటి ఎఫ్‌ఆర్‌బీఆర్ అనే గ్రంథసూచీ నమూనాలో కృతికీ ముద్రణకూ మధ్య మరో మెట్టుంది, అనువాదం వంటి రూపాల కోసం. నేను దాన్ని ముద్రణలోనే కలిపేశాను. అందువల్ల ఒకే అనువాదం రెండుసార్లు అచ్చయితే అనువాదకుడిని రెండుసార్లు ఎక్కించాలి. నా దగ్గర అలాంటివి మూడే, ఫరవాలేదు.

రచయితలనూ అనువాదకులనూ ఒకే లింక్ టేబుల్లో (ఎవరు దేనికి చెందుతారో జతకలిపే టేబుల్) పెట్టి ‘పాత్ర’ కాలమ్ ఇచ్చి చూశాను. అనువాదకుడు మూల నవలకూ అంటుకున్నాడు! ఇప్పుడు రెండు లింక్ టేబుళ్లు: కృతి–రచయిత, ముద్రణ–అనువాదకుడు. పేర్లు అట్ట మీది వరుసలోనే రావడానికి రెంటిలోనూ క్రమసంఖ్య.

మధ్యలో ‘లక్షణం, విలువ’ అని రెండు కాలమ్‌ల టేబుల్ పెట్టి ఏదైనా అందులో పడేద్దామనుకున్నాను. ‘300 పేజీలు దాటిన అనువాదాలు’ అని అడగడానికే రెండు జాయిన్‌లు (టేబుళ్లను కలిపి చదవడం), పేజీల సంఖ్యేమో టెక్స్ట్. ‘90’ వెళ్లి ‘300’ కంటే పెద్దదై కూర్చుంది. తీసేశాను.

అరువు టేబుల్ మాత్రం మొదటిసారికే కుదిరింది: ప్రతి, తీసుకున్నవారు, ఇచ్చిన తేదీ, తిరిగొచ్చిన తేదీ. చివరిది ఖాళీగా ఉన్న వరుసల వరకే ప్రతి కాలమ్ మీద యూనిక్ ఇండెక్స్ (ఒకే విలువను రెండోసారి రానివ్వనిది) వేశాను. బయట ఉన్న ప్రతిని ఇంకొకరికి ఇచ్చినట్టు రాయబోతే డేటాబేసే అడ్డుకుంటుంది.

నిన్న రాత్రి మాత్రం బాగా తిట్టుకున్నాను. ఫారిన్ కీలన్నీ (ఒక టేబుల్ వరుస నుంచి ఇంకో టేబుల్ వరుసను చూపే లింకులు) రాసినా, 17 ప్రతులు అసలు టేబుల్లోనే లేని ముద్రణలను చూపిస్తున్నాయి. ఎస్‌క్యూలైట్ మామూలుగా ఆ కీలను పట్టించుకోదు; కనెక్షన్ తెరిచిన ప్రతిసారీ ‘ప్రాగ్మా ఫారిన్_కీస్ = ఆన్’ అని చెప్పాలి. ఆ అనాథ ప్రతులను ‘ప్రాగ్మా ఫారిన్_కీ_చెక్’ అనే ఆదేశం పట్టిచ్చింది. 11 సరిచేశాను. మిగతా ఆరింటికి అల్మారా దగ్గరికెళ్లి అట్టలు తిప్పి చూడాలి.