ఈ ఒక్కసారికే అన్న ఓటు

2016 జూన్ 23 రాత్రి నాకు నైట్ డ్యూటీ. ఇంగ్లండ్‌లోని స్టోక్ ఆన్ ట్రెంట్‌లో ఒక నర్సింగ్ హోమ్. మన దగ్గర నర్సింగ్ హోమ్ అంటే చిన్న ఆసుపత్రి, ఇక్కడ మాత్రం ఒంటరిగా బతకలేని పెద్దవాళ్ళు చివరిదాకా ఉండే చోటు. బ్రిటన్ యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా (రిమైన్), బయటికి రావాలా (లీవ్) అని ఆ రోజే రెఫరెండం. తెల్లవారుజామున నాలుగున్నర దాటాక లాంజ్‌లో టీవీ తేల్చి చెప్పేసింది, బయటికే. లీవ్ 51.9 శాతం, రిమైన్ 48.1. మా ఊళ్ళో అయితే లీవ్ 69 శాతం. పొద్దున హ్యాండోవర్ ఇస్తుంటే ఎదురుగా కూర్చున్న పోలండ్ అమ్మాయి రాసుకోవడం ఆపి "నువ్వు ఓటేశావా?" అని అడిగింది. వేశాను, రిమైన్‌కే అన్నాను. "నాకు లేదుగా" అంది, అంతే, మందుల ట్రాలీ తోసుకుంటూ వెళ్ళిపోయింది.

ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. నేను వర్క్ వీసా మీద వచ్చి అప్పటికి రెండేళ్ళు కూడా కాలేదు. ఆమె పదకొండేళ్ళుగా ఇక్కడే ఉంది, పిల్లలిద్దరూ ఇక్కడే పుట్టారు. కానీ ఇండియా కామన్వెల్త్ దేశం కాబట్టి ఇక్కడ ఉంటున్న మనకి పార్లమెంటు ఎన్నికల్లోనూ, ఆ రెఫరెండంలోనూ ఓటుంది. ఆమెకి లోకల్, యూరోపియన్ పార్లమెంటు ఎన్నికల్లో మాత్రమే ఉండేది. నాకు తెలిసిన తెలుగువాళ్ళలో లీవ్‌కి వేసినవాళ్ళూ ఉన్నారు. యూరప్ నుంచి వచ్చేవాళ్ళు తగ్గితే మనవాళ్ళకి వీసాలు సులువవుతాయని, ఇక్కడి కర్రీ హౌస్‌లకి వంటవాళ్ళు దొరుకుతారని ప్రీతి పటేల్ లాంటి నాయకులు ప్రచారం చేశారు, అది నమ్మారు.

స్టోక్ గురించి కొంచెం చెప్పాలి. ఆరు చిన్న పట్టణాలు కలిసి ఒక నగరం అయింది. కప్పులు, సాసర్లు, పింగాణీ ప్లేట్లు, బొగ్గు గనులు, స్టీలు. గనులన్నీ మూతబడ్డాయి, స్టీలు పోయింది, వెడ్జ్‌వుడ్ అంతటి కంపెనీ 2009లో అప్పుల్లో మునిగి చేతులు మారింది. ఇక్కడి మూడు పార్లమెంటు సీట్లూ 1950 నుంచి 2017 దాకా లేబర్ పార్టీవే. లేబర్ ఇక్కడ ఇంటిపేరులాగా తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది. అయితే ఆ విధేయత చాలామందిలో చప్పబడిపోయింది, పోలింగ్ బూత్‌కి వెళ్ళడమే మానేశారు. 2015 ఎన్నికల్లో స్టోక్ సెంట్రల్‌లో సగం మంది కూడా ఓటెయ్యలేదు, దేశం మొత్తంలో అంత తక్కువ ఇంకెక్కడా లేదు. ఏడాది తర్వాత రెఫరెండానికి అదే నగరంలో 65 శాతం దాటింది. ఎవరికేసినా ఒకటే అనుకుని ఇంట్లో కూర్చున్నవాళ్ళు ఆ రోజు లేచి వచ్చారు. నా ఓటు లెక్కలోకి వచ్చింది అని వాళ్ళకి చాలా ఏళ్ళ తర్వాత అనిపించింది. వాళ్ళ జవాబు నాకు నచ్చలేదు, కానీ ఆ అనిపించడం నిజం.

ఇది నాకు అర్థం కావడానికి కారణం మా పెదనాన్న. గుంటూరు జిల్లాలో మా ఊళ్ళో ఆయన చెయ్యి గుర్తు మీద తప్ప ఇంకెక్కడా ఓటేసి ఎరగడు. 2014లో రాష్ట్ర విభజన మీద కోపంతో మొదటిసారి వేరే గుర్తు మీద నొక్కొచ్చాడు, వచ్చి ఆ మధ్యాహ్నం అన్నం తినలేదు. మమ్మల్ని ఎవరూ రెఫరెండం పెట్టి అడగలేదు కాబట్టి ఆ ఎన్నికే రెఫరెండం అయి కూర్చుంది. 2009లో ఉమ్మడి రాష్ట్రంలో 33 లోక్‌సభ సీట్లు గెలిచిన కాంగ్రెస్‌కి మా వైపు 175 అసెంబ్లీ సీట్లలో ఒక్కటీ రాలేదు. తరతరాల అలవాటుని ఒక్క ప్రశ్న తెంపగలదని నేను స్టోక్‌కి రాకముందే చూశాను.

రెఫరెండం తర్వాత ఇక్కడ ప్రతి మనిషికీ రెండు గుర్తింపులు వచ్చాయి, ఒకటి పార్టీ, ఇంకొకటి లీవ్ లేదా రిమైన్. కొన్నాళ్ళకి రెండోదే బలంగా ఉందని బ్రిటిష్ ఎలక్షన్ స్టడీ సర్వేల్లో కూడా కనిపించింది. రెండూ ఒకవైపు లాగినవాళ్ళకి ఇబ్బంది లేదు. లేబర్ ఇంట్లో పుట్టి లీవ్‌కి వేసినవాళ్ళకే నరకం. 2019 డిసెంబర్ 12 ఎన్నికలకి కన్సర్వేటివ్ ప్రధాని బోరిస్ జాన్సన్ "బ్రెగ్జిట్ పూర్తి చేద్దాం" అని ఒకటే మాట పట్టుకున్నాడు. లేబర్ ఏమో కొత్త ఒప్పందం తెచ్చి మళ్ళీ రెఫరెండం పెడతామంది, అందులో తాను ఎటువైపూ ఉండనని ఆ పార్టీ నాయకుడు కోర్బిన్ చెప్పాడు. స్టోక్‌లో అది ఎలా వినిపించిందంటే, మీరు తప్పు రాశారు, పేపరు మళ్ళీ రాయండి అని టీచర్ చెప్పినట్టు.

ఆ నవంబర్ చివర్లో మా హోమ్‌లో ఒక పెద్దాయనకి పోస్టల్ ఓటు వచ్చింది. పదిహేనేళ్ళకే గనిలోకి దిగినవాడు, 1984 గని కార్మికుల సమ్మెలో ఏడాది పాటు జీతం లేకుండా బతికినవాడు. టీవీలో ఆ సమ్మెని అణిచేసిన అప్పటి ప్రధాని థాచర్ కనిపిస్తే రిమోట్ ఇమ్మనేవాడు. రెఫరెండంలో లీవ్‌కి వేశానని దాచలేదు, "నీ గురించి కాదు, డక్" అని నా చెయ్యి పట్టుకుని చెప్పాడు (ఇక్కడ అందరినీ ప్రేమగా డక్ అనే పిలుస్తారు). నేను నమ్మాను, ఇప్పటికీ నమ్ముతున్నాను. ఓటు దగ్గర స్టాఫ్ ఒక్క మాట కూడా అనకూడదు, అందుకని కళ్ళద్దాలు తెచ్చిచ్చి పక్కకి తప్పుకున్నాను. ఆ కవరు రెండు రోజులు నీళ్ళ జగ్గు పక్కనే పడి ఉంది. మూడో రోజు పెన్ను పట్టుకున్నాడు, పెట్టేశాడు, మళ్ళీ పట్టుకున్నాడు, చెయ్యి వణుకుతోంది. "మా నాన్న చూస్తే ఏమంటాడో" అన్నాడు. తర్వాత కవరు అంటించి నా చేతికిచ్చి, పోస్టులో వేసెయ్, ఈ ఒక్కసారికే అన్నాడు.

ఫలితాలు వచ్చిన రోజు జాన్సన్ ఇలాంటివాళ్ళ గురించే మాట్లాడాడు, మీరు మాకు ఓటు అప్పుగా ఇచ్చి ఉండొచ్చు, పేపరు మీద మీ చెయ్యి వణికి ఉండొచ్చు అని. నాకు ఆ జగ్గు పక్కన కవరు గుర్తొచ్చి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. స్టోక్‌లో మూడు సీట్లూ కన్సర్వేటివ్‌లవే అయ్యాయి (సౌత్ సీటు 2017లోనే వెళ్ళింది), సెంట్రల్‌లో తేడా 700 ఓట్లు కూడా లేదు. దేశం మొత్తం మీద వాళ్ళకి 43.6 శాతం ఓట్లకే 650లో 365 సీట్లు. ఎందుకంటే లీవ్‌వాళ్ళలో దాదాపు నలుగురిలో ముగ్గురు ఒకే పార్టీ వెనక నిలబడ్డారు, పైగా లీవ్ నాయకుడు ఫరాజ్ పెట్టిన బ్రెగ్జిట్ పార్టీ, 2017లో కన్సర్వేటివ్‌లు గెలిచిన 317 సీట్లలో పోటీ నుంచి తప్పుకుంది. రిమైన్‌వాళ్ళు లేబర్, లిబరల్ డెమోక్రాట్లు, గ్రీన్స్, స్కాట్లాండ్‌లో స్కాటిష్ నేషనల్ పార్టీ అని చీలిపోయారు. ఈ పార్టీలన్నిటి ఓట్లు కలిపితే సగానికి కాస్త పైనే, కానీ ఇక్కడ మన దేశంలోలాగే ఒక్క ఓటు ఎక్కువొచ్చినవాడే గెలుస్తాడు.

2024 జూలైలో ఇదే తిరగబడింది. ఈసారి చీలింది అటువైపు. రిఫార్మ్ పార్టీకి (ఫరాజ్ పార్టీకి కొత్త పేరు) 14 శాతం ఓట్లు, సీట్లు మాత్రం ఐదు. లేబర్ 34 శాతం లోపు ఓట్లతో 411 సీట్లు తెచ్చుకుంది, స్టోక్ మూడు సీట్లూ వెనక్కి వచ్చాయి. వలస తగ్గిస్తామని చెప్పి బ్రెగ్జిట్ చేసినవాళ్ళ పాలనలోనే, 2023 జూన్‌తో ముగిసిన ఏడాదిలో, వెళ్ళినవాళ్ళు పోను వచ్చినవాళ్ళ సంఖ్య 9 లక్షలు దాటింది. 2022లో కేర్ వర్కర్లకి వీసా తెరిచాక మనవాళ్ళూ చాలామంది వచ్చారు. ఓటు అప్పిచ్చినవాళ్ళకి కోపం రావడంలో తప్పేముంది? ఆ కోపం మా పిల్లల మీద పడుతుందేమోనని టెన్షన్ మాత్రం నాకుంది.

మొన్న టీ బ్రేక్‌లో ఖమ్మం నుంచి వచ్చిన కేర్ అసిస్టెంట్ అమ్మాయి, "రిఫార్మ్ వాళ్ళొస్తే మనల్ని పంపించేస్తారంటగా అక్కా" అంది. ఓటు రిజిస్టర్ చేసుకున్నావా అని అడిగాను. "మనకి ఓటెక్కడిదక్కా?" అంది. ఇన్నేళ్ళలో ఈ మాట నేను ఎంతమంది నోట విన్నానో! 700 ఓట్ల లోపు తేడాతో సీటు పోయిన ఊళ్ళో ఉంటున్నాం మనం. ఫోన్‌లో సైట్ తెరిచి, నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు దగ్గర పెట్టుకోమన్నాను, పది నిమిషాల పని. పక్కన కెటిల్ దగ్గర ఆ పోలండ్ ఆమె నిలబడి ఉంది. పౌరసత్వం తీసుకుని 2024లోనే మొదటిసారి పార్లమెంటుకి ఓటేసింది. తెలుగులో మాట్లాడుకుంటున్నా విషయం ఆమెకి అర్థమైనట్టుంది, ఆ అమ్మాయి భుజం మీంచి ఫోన్‌లోకి వంగి చూసి, "పోస్ట్‌కోడ్ తప్పు కొట్టావు, సరిచెయ్" అంది.